ఒకే ప్రార్థనలో రెండు పేర్లు

ఆ సోమవారం పొద్దున నా బల్ల మీదికి వచ్చిన కాగితాల్లో రెండోది డీకన్ లెమ్యుయెల్ టార్వర్ గారిది. పేరు చూసి, పుట్టిన తేదీ చూసి, ఊరు చూసి, మళ్ళీ పేరు చూశాను. అలబామా మొత్తం మీద ఆ పేరుగలవాళ్ళు ఇంకొకరు ఉంటే ఉండొచ్చు. మా కౌంటీలో లేరు.

కౌంటీ ఆరోగ్య కార్యాలయంలో నా ఉద్యోగం ఇదీ. ఎవరి రక్తంలోనైనా సిఫిలిస్ బయటపడితే లాబ్‌వాళ్ళు చట్టప్రకారం మాకు తెలియజేస్తారు. నేను ఆ మనిషిని పిలిచి, జబ్బు పేరు చెప్పి, ఇంజెక్షన్ వేయించి, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, ఎవరికి అంటి ఉండొచ్చు అని అడిగి, వాళ్ళనీ పిలవాలి. ఈ పని చేసేది ఇద్దరం. రెండో ఆవిడ కాన్పుకి వెళ్ళింది. ఆ కాగితం ఇంకొకరి చేతిలో పెట్టే వీలు లేదు.

డీకన్ గారు మా బాప్టిస్టు సంఘంలో ముప్ఫయ్యేళ్ళుగా పెద్ద. పాటల పుస్తకాలు లేని కాలం నాటి అలవాటొకటి మా దగ్గర ఇంకా ఉంది. డీకన్ ముందు ఒక చరణం గబగబా చెబుతాడు. సంఘమంతా దాన్ని అందుకుని, మూలిగినట్టు సాగదీసి పాడుతుంది. ఆ చరణం చెప్పే గొంతు ఆయనది. ఆదివారం బడిలో నాకు వాక్యాలు నేర్పిందీ ఆయనే. భార్య పోయి ఆరేళ్ళయింది.

జనవరిలో ఆ గొంతు బొంగురుపోయింది. టాన్సిల్ మీద పుండు, మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ. టౌన్లో డాక్టరు టార్చి వేసి చూసి, ఇది కాన్సరేనని చెప్పి బర్మింగ్‌హామ్ పంపించాడు. అక్కడ ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆపరేషన్‌కి ఒక తేదీ కూడా అట్టేపెట్టారు. అదే వారం మా పెద్దమ్మ ఓజెల్లా రొమ్ములో గడ్డ కాన్సరని తేలింది. అమ్మ పోయాక నన్ను పెంచింది పెద్దమ్మే. కోళ్ళ ఫ్యాక్టరీ చలిగదిలో ముప్ఫయ్యేళ్ళు రెక్కలు కోసి నన్ను కాలేజీకి పంపింది. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటిదాన్ని నేను.

మా సంఘంలో జబ్బుపడినవాళ్ళ పట్టీ చదివేటప్పుడు జబ్బు పేరుతో సహా చదువుతారు. పేరు దాచుకుంటే ప్రార్థన గురి తప్పుతుందని మావాళ్ళ నమ్మకం. ఆ ఆదివారం పాస్టర్ గారు ఇద్దర్నీ ముందుకి పిలిచి నొసట నూనె రాశారు. గొంతు కాన్సరుతో బ్రదర్ టార్వర్, రొమ్ము కాన్సరుతో సిస్టర్ ఓజెల్లా అని ఒకే ప్రార్థనలో రెండు పేర్లూ చెప్పారు. ఆ వారం నుంచి ప్రతి బుధవారం సంఘమంతా ఉపవాసం ఉంది. నేనూ ఉన్నాను.

ఇప్పుడు ఈ కాగితం ఏం చెబుతోందంటే, డీకన్ గారి గొంతులోంచి తీసిన ముక్కలో కాన్సరు కణం ఒక్కటీ లేదు. అనుమానం వచ్చిన లాబ్ డాక్టరు వేరే రంగు వేసి చూస్తే మెలికలు తిరిగిన క్రిములు కనిపించాయి. రక్తం పరీక్ష కూడా అదే చెప్పింది.

ఆయన మర్నాడు వచ్చారు. ఆస్పత్రివాళ్ళు ఫోను చేసి ఆపరేషన్ ఆపామని, కౌంటీ ఆఫీసుకి వెళ్ళమని మాత్రమే చెప్పారట. కొయ్యటానికి కూడా పనికిరానంత ముదిరిందనుకున్నారు. చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి, తన సమాధి దగ్గర పాడాల్సిన పాటలు రాశానని, పాస్టరుకి ఇవ్వమని నా చేతికివ్వబోయారు.

నేను తలుపు వేసి ఉన్నదున్నట్టు చెప్పాను. కాన్సరు కాదు. సిఫిలిస్. నోటి ద్వారా వచ్చి ఉంటుంది. తుంటికి ఒకటీ ఒకటీ రెండు సూదులు పొడిస్తే తగ్గిపోతుంది. ఆయన చాలాసేపు గోడ మీద కాలెండరు వంక చూశారు. అందులో ఏముందో ఇప్పటికీ నాకు గుర్తుంది, చేపలు పడుతున్న పిల్లలు.

"ఇదెవరెవరికి తెలుస్తుంది?" అన్నారు చివరికి.

"నాకు, సూది వేసే నర్సుకి, మా ఆఫీసరుకి. చట్టం గట్టిది డీకన్ గారూ."

"నీకు తెలిశాక ఇంకెవరికి తెలిస్తే ఏం. నీకు పదో కీర్తన నేర్పినవాణ్ణి." కాగితం మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. "కాన్సరైతే బాగుండేదమ్మాయ్. కాన్సరైతే జనం కూర వండి పట్టుకొస్తారు."

పక్క కౌంటీలో ఉండే ఒకావిడ పేరు చెప్పారు, తల ఎత్తకుండా. ఆవిణ్ణి పిలిచాను, వచ్చింది, సూదులు వేయించుకుంది. నా వరకూ ఫైలు ముగిసింది.

మూడు వారాల్లో పుండు మానింది, గడ్డ కరిగింది, గొంతు తిరిగొచ్చింది. మార్చి మొదటి ఆదివారం ఆయన చరణం చెప్పేసరికి వెనక బెంచీల్లో ఆడవాళ్ళు ఏడవటం మొదలుపెట్టారు. మా దగ్గర స్వస్థత పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే దేవుడి సొమ్ము దాచుకున్నట్టే లెక్క. ఆయన రెండుసార్లు తల అడ్డంగా ఊపారు. మూడోసారి పాస్టర్ గారే వచ్చి చెయ్యి పట్టుకుని లేపారు.

ఆయన చెప్పిన ప్రతి ముక్కా నిజమే. గొంతులో పుండు ఉండేదన్నారు. సంఘం ఆమేన్ అంది. డాక్టరు కాన్సరన్నాడు, కోస్తామన్నారు, కొయ్యలేదు అన్నారు. ఒక్కో మాటకీ ఆమేన్. ఇప్పుడు పుండు లేదన్నారు. అంతే, ఇక ఆర్గన్ అందుకుంది, డ్రమ్స్ అందుకున్నాయి, ఒక్కసారిగా అందరూ లేచి నిలబడ్డారు. నా పక్కన పెద్దమ్మ మాత్రం కూర్చునే ఉంది. కళ్ళు మూసుకుని చెయ్యి తీసి రొమ్ము మీద పెట్టుకుంది. ఆమె ఆపరేషన్ ఆ గురువారం.

ఇంటికొచ్చేటప్పుడు కారులో తనే ఎత్తింది. గురువారం వెళ్ళటం లేదంది. నేను బండి పక్కకి ఆపి, ఆ గడ్డ ఇప్పుడు తీసేస్తే బతుకుతావని డాక్టరు చెప్పాడు కదా, ఆలస్యం చేస్తే చెప్పలేనన్నాడు కదా అని బతిమాలాను.

"ఇద్దరి పేర్లూ ఒకే ప్రార్థనలో చెప్పారు పిల్లా. సగం విని దేవుడు కునుకు తీశాడంటావా?"

"ఆయన సంగతి వేరు, నీ సంగతి వేరు పెద్దమ్మా."

"ఏం వేరు? ఆయన మొగాడు, నేను కోళ్ళు కోసుకునేదాన్ననా?" నవ్వింది. తర్వాత నా మొహంలోకి పరీక్షగా చూసింది. "కౌంటీ ఆఫీసులో కూర్చుంటావుగా, ఆయన గురించి నీకేమైనా తెలుసా?"

లేదన్నాను.

మర్నాడు మా ఆఫీసరు గేథర్ గారి గదికి వెళ్ళి పేర్లు చెప్పకుండానే అడిగాను. ఒకరి రహస్యం ఇంకొకరి ప్రాణం మీదికి వస్తే ఏం చెయ్యాలి అని. ఆవిడ ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఇలాంటివి చాలా చూసింది. పేర్లు చెప్పకపోయినా ఆవిడకి తెలిసిపోయింది, ఆదివారం సంగతి అప్పటికే కౌంటీ అంతా పాకింది.

చెప్పకూడదంది. కారణం కూడా చెప్పింది. ఈ రాష్ట్రంలోనే మన తాతల కాలంలో ప్రభుత్వ డాక్టర్లు మన నల్లవాళ్ళకి సిఫిలిస్ ఉందని తెలిసీ చెప్పలేదు, రక్తం చెడిందని మాత్రం చెప్పి, మందు ఇవ్వకుండా నలభయ్యేళ్ళు చూస్తూ కూర్చున్నారు. ఆ ప్రభుత్వం బోర్డే మన గుమ్మం మీదా ఉంది. అయినా జనం వస్తున్నారంటే, ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుందన్న ఒక్క నమ్మకం మీద వస్తున్నారు. పోయినేడు ఈ కౌంటీలో ఇద్దరు బిడ్డలు ఈ జబ్బుతో కడుపులోనే పోయారు. తల్లులు సమయానికి రాలేదు కాబట్టి పోయారు.

"నువ్వు ఒక్క మాట బయటపెడితే మీ పెద్దమ్మ బతకొచ్చు, బతకకపోవచ్చు," అంది. "మన గుమ్మం మాత్రం మూతపడుతుంది. చెప్పాల్సింది ఆయన. వెళ్ళి ఆయన్నడుగు."

వెళ్ళాను. డీకన్ గారు పెరట్లో పీపా మీద పలక వేసుకుని చేపలు తోముతున్నారు. నన్ను చూసి కత్తి ఆపలేదు. పెద్దమ్మ ఆపరేషన్ మానేసిందని చెప్పాను. తనకి తెలుసన్నారు. మీరొక్కరే వెళ్ళి, ఆమెకొక్కదానికే చెప్పండి, నేను ఊళ్ళో కూడా ఉండను అన్నాను.

"నేను అబద్ధం చెప్పానా?"

"చెప్పలేదు."

"డాక్టరు కాన్సరనే అన్నాడు. నేనూ ఆ నెలంతా కాన్సరుతోనే పడుకున్నాను, కాన్సరుతోనే లేచాను. మందు మాత్రం ఎవడిచ్చాడు? దేవుడు సూది చేత పని చేయించకూడదా?"

"చేయించొచ్చు. పెద్దమ్మకి కత్తి చేత చేయించొచ్చు. ఆమె చేయించనివ్వట్లేదు, మీ మాట విని."

ఆయన చేప పొట్ట చీల్చి, లోపలిది వేలితో తీసి పక్కనున్న పిల్లికి పడేశారు. "ముప్ఫయ్యేళ్ళు గుడిలో ప్రభువు బల్ల మీది రొట్టె ఈ చేతుల్తో పంచాను. నా చేతి రొట్టె తిన్న నోటితో నా గురించి ఏం మాట్లాడుకుంటారో నీకు తెలుసా? నీకు ఇరవై ఎనిమిదేళ్ళు. వెళ్ళు తల్లీ."

ఇంకోసారి వెళ్ళాను, మేలో. ఇంట్లో ఉండీ తలుపు తియ్యలేదు.

ఆ నాలుగు నెలలూ నేను చేసినవి ఇవి. డాక్టరు చేత పెద్దమ్మకి ఫోను చేయించాను. రొమ్ము తీయించుకుని పదేళ్ళుగా బతుకుతున్న ఆవిణ్ణి ఇంటికి పిలిచాను. కాన్సరు అని చెప్పిన పుండ్లన్నీ కాన్సరు కావని, కొన్ని వేరే జబ్బులు అచ్చం అలాగే కనిపిస్తాయని, కాగితాలు తెచ్చి చదివి వినిపించాను. ఎవరి పేరూ చెప్పకుండా అంతకంటే దగ్గరికి పోలేను. పెద్దమ్మ శ్రద్ధగా వింది. "అయితే నాదీ అలాంటిదేనేమో," అంది.

జూన్‌లో చర్మం పగిలింది. జులైకి పుండు అరచెయ్యంత విచ్చుకుంది. రోజూ కట్లు మార్చి, వాసన రాకుండా మంచం కింద గిన్నెలో కాఫీ పొడి పోసి పెట్టేదాన్ని. కోళ్ళ ఫ్యాక్టరీలో బతికినదానికి ఈ వాసన అత్తరే అనేది పెద్దమ్మ. నమ్మకం తగ్గిందా అంటే తగ్గలేదు. ఇది లోపలి చెడు బయటికి పోవటమేనని ఫోనులో అక్కచెల్లెళ్ళకి చెప్పేది. కానీ గుడికి రావటం మానేసింది. పక్కన కూర్చునేవాళ్ళకి ఇబ్బంది అంది.

గుడికి రాలేనివాళ్ళకి మొదటి ఆదివారం మధ్యాహ్నం డీకన్లు ప్రభువు బల్ల రొట్టె, రసం ఇంటికి తెస్తారు. ఆగస్టులో ఆ వంతు టార్వర్ గారికి వచ్చింది. వంతు మార్చుకోవాలని చూశారేమో నాకు తెలీదు. వచ్చారు. నల్ల సూటు, చేతిలో చిన్న తోలుపెట్టె. అందులో నాలుగు బుల్లి గ్లాసులు, ద్రాక్షరసం సీసా, రొట్టె.

గుమ్మంలోనే ఆయన అడుగు ఆగింది. కాఫీ పొడి అన్ని వాసనల్నీ ఆపదు. పెద్దమ్మ దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. ఆయన్ను చూసి మొహం వెలిగింది.

"రండి బ్రదర్. నా ముందు నడిచినవాడు వచ్చాడు," అంది.

ఆయన పెట్టె తెరిచారు. గ్లాసులో రసం పోశారు. దుప్పటి మీద కొంచెం ఒలికింది. గ్లాసు అందించకుండా బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను లేచి వెళ్ళబోతే ఉండమన్నారు.

"సిస్టర్ ఓజెల్లా, నాకు కాన్సరు లేదు."

"లేదు మరి. ప్రభువు తీసేశాడు."

"తియ్యలేదు. ఎప్పుడూ లేదు. డాక్టరు పొరబడ్డాడు. నాకొచ్చింది సవాయి రోగం. సిఫిలిస్. ఒక ఆడమనిషి దగ్గర్నుంచి వచ్చింది. ఫిబ్రవరిలో కౌంటీ ఆఫీసులో రెండు సూదులు వేశారు, తగ్గిపోయింది. నేను సాక్ష్యం చెప్పేనాటికి నాకిదంతా తెలుసు."

పెద్దమ్మ ఆయన వంక చూస్తూనే ఉంది. ఆయన కింద కూలబడి ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, దెబ్బకి ఎదురుచూస్తున్నవాడిలా కూర్చున్నారు.

పెద్దమ్మ తల నా వైపు తిప్పింది.

"కౌంటీ ఆఫీసులో అన్నాడు."

"అవును పెద్దమ్మా."

"నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసీ, కట్లు మార్చావు."

నా దగ్గర చట్టం ఉంది, గేథర్ గారి మాటలున్నాయి, కడుపులో పోయిన ఇద్దరు బిడ్డలున్నారు. అవన్నీ నిజమే. దుప్పటి మీద ఒలికిన రసం తుడవటం మొదలుపెట్టాను. పెద్దమ్మ చెయ్యి చాపి బల్ల మీది గ్లాసు తనే తీసుకుని తాగింది. రొట్టె ముక్క నోట్లో వేసుకుంది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది.

మంగళవారం తనే బట్టలు కట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళమంది. డాక్టరు స్కానింగ్ తీసి, ఎముకల్లోకీ కాలేయంలోకీ పోయిందని చెప్పాడు. ఇప్పుడు కోసి లాభం లేదని, నొప్పి తెలియకుండా చూస్తామని చెప్పాడు. ఎంతకాలం అని పెద్దమ్మే అడిగింది. క్రిస్మస్ దాకా ఉంటావని చెప్పలేనన్నాడు. మార్చిలో వచ్చి ఉంటే అని ఆమె అడగలేదు. ఆయనా అనలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో డీకన్ గారికి ఫోను చేసి ఇమ్మంది.

"బ్రదర్ టార్వర్, మీ సాక్ష్యం విన్నదాన్ని నేనొక్కదాన్నే కాదు. మన సంఘంలో క్లోటిల్‌కి గర్భసంచిలో ఏదో ఉంది, డాక్టరు దగ్గరికి పోవటం మానేసింది. ఎక్కడ చెప్పారో అక్కడే చెప్పండి. నేను వస్తాను." అవతల ఆయన ఏమన్నారో నాకు వినిపించలేదు. "సిగ్గు మీకొక్కరికే ఉందా? నా ఒంటి వాసన పట్టుకుని నేను వస్తానంటున్నా," అని ఫోను పెట్టేసింది.

ఆగస్టు ఆఖరి ఆదివారం చక్రాల కుర్చీలో తీసుకెళ్ళాను. మధ్య దారిలో, చివరి బెంచీ పక్కన ఉంచమంది. పాట అయ్యాక డీకన్ గారు ఎవరూ పిలవకుండానే లేచి ముందుకి నడిచారు. సంఘం అప్పటికే సంతోషంగా సర్దుకుని కూర్చుంది. మళ్ళీ సాక్ష్యం అనుకున్నారు.

"మార్చిలో ఇక్కడ నిలబడి గొంతు పుండు గురించి చెప్పాను," అన్నారు.

ఆమేన్.

"అది కాన్సరు కాదు. నాకు కాన్సరు ఎప్పుడూ లేదు."

ఆమేన్ ఇంకా గట్టిగా వచ్చింది. ఎవరో చప్పట్లు కొట్టారు. విశ్వాసంతో అంటున్నాడనుకున్నారు. ఆర్గన్ వాయించే ఆయన చేతులు మీటల మీదికి వెళ్ళాయి. డీకన్ గారు చెయ్యెత్తి ఆపారు.

"సిఫిలిస్," అన్నారు. "సూదులతో తగ్గింది."

నా పుట్టుక నుంచీ ఆ గుడిలో ఒక మనిషి మాట్లాడి, జవాబు రాకపోవటం నేనెప్పుడూ వినలేదు. ముందు వరుసలో విసనకర్రలు ఆగిపోయాయి. పాస్టర్ గారు కుర్చీలో సగం లేచి అలాగే ఉండిపోయారు. డీకన్ గారు జవాబు కోసం అలవాటు కొద్దీ ఆగారు. ఆగి, ఇక ముందుకెలా పోవాలో తెలియనట్టు నిలబడ్డారు. మావాళ్ళలో ఒకరి మాటకి ఒకరు తోడు అనకపోతే ఆ మాట సాగదు.

"చెప్పు బ్రదర్," అంది పెద్దమ్మ వెనక నుంచి. బలం లేని గొంతు. అయినా అందరికీ వినబడింది.

ఆయన చెప్పారు. ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో పేరు చెప్పలేదు కానీ మిగతాదంతా చెప్పారు. ఒక్కో వాక్యం దగ్గరా ఆగారు. ఒక్కో వాక్యానికీ పెద్దమ్మ ఒక్కతే జవాబిచ్చింది. తను ఆపరేషన్ ఎందుకు మానేసిందో ఆయన చెప్పినప్పుడు కూడా, "చెప్పు," అంది.

ఆ వారమే ఆయన్ను పెద్దల పట్టీలోంచి తీసేశారు. క్లోటిల్ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆమెదేమిటో ఇంకా తేలలేదు. మా ఆఫీసుకి వచ్చేవాళ్ళు తగ్గారో పెరిగారో ఇప్పుడే చెప్పలేను. ఆయన తనంతట తను చెప్పుకున్నాడు కాబట్టి మన తప్పు లేదని గేథర్ గారు అన్నారు.

పెద్దమ్మ నవంబరు పన్నెండున పోయింది. చివరి దాకా కట్లు నేనే మార్చాను. ఆమె చెయ్యి ఎత్తి సహకరించేది, నొప్పి అనిపిస్తే ఆగమనేది. ఇంకేమీ అనేది కాదు.